పడిపోయినవారి పునఃస్వీకారం

పాపంలో పడి, నలిగిన మనసుతో తిరిగివచ్చిన విశ్వాసిని దేవుడు మళ్లీ నిలబెడతాడన్నది క్రైస్తవుల మూల నమ్మకాల్లో ఒకటి. దావీదు పేరుతో ఉన్న 51వ కీర్తన, పేతురు కథ దీనికి ప్రధాన ఆధారాలు. యేసు ఎవరో తనకు తెలియదని మూడుసార్లు బొంకిన పేతురుకే, ఆ యేసు తిబెరియ సముద్రపు ఒడ్డున మందను అప్పగించాడని యోహాను సువార్త 21వ అధ్యాయం చెబుతుంది. దేవుడి క్షమాపణ గురించి ఆది సంఘంలో పెద్దగా పేచీ లేదు. పడినవారిని సంఘం ఎవరి మాట మీద, ఎన్నాళ్లకు చేర్చుకోవాలన్న దగ్గరే తగాదా వచ్చింది.

క్రీ.శ. 250లో రోమన్ చక్రవర్తి డేసియస్ ఆజ్ఞ మేరకు ప్రజలంతా దేవతలకు బలి అర్పించి, అధికారుల నుంచి పత్రం తీసుకోవాల్సి వచ్చింది. ఈజిప్టులో అలాంటి పాపిరస్ పత్రాలు నలభైకి పైగా దొరికాయి. ఒకదానిలో ఔరేలియస్ డయోజనీస్ అనే 72 ఏళ్ల మనిషి పేరు, ఊరు, గుర్తుపట్టడానికి కుడి కనుబొమ్మ మీది మచ్చతో సహా రాసి ఉంది. చాలామంది క్రైస్తవులు ప్రాణభయంతో బలి ఇచ్చారు. కొందరు బలి ఇవ్వకుండానే లంచమిచ్చి పత్రం కొనుక్కున్నారు.

ఒత్తిడి తగ్గకముందే వీళ్లు సంఘం తలుపు తట్టారు. హింసకు లొంగని విశ్వాసులు ఉదారంగా సిఫారసు లేఖలు రాసిచ్చారు; కొన్నిటిలో ఫలానావాడినీ అతనివారినీ చేర్చుకోమనడమే తప్ప, ఆ 'అతనివారు' ఎవరో, ఎందరో లేదు. దీన్ని అడ్డుకున్న కార్తేజీ బిషప్ సిప్రియన్ పరిస్థితి ఇబ్బందికరమే, ఎందుకంటే ఆ హింసాకాలంలో ఆయన తలదాచుకున్నాడు. 251లో కార్తేజీ సభ మధ్యేమార్గం పట్టింది: పత్రం కొన్నవారి సంగతి ఒక్కొక్కరిది విడిగా విచారించాలి, బలి ఇచ్చినవారు పశ్చాత్తాప దీక్షలో ఉండాలి, మరణశయ్య మీద మాత్రం వారిని చేర్చుకోవచ్చు. మరో హింస ముంచుకొస్తోందని తెలిశాక, దీక్షలో ఉన్నవారందరినీ సిప్రియన్ వర్గం చేర్చేసుకుంది. పోరాడాల్సినవారిని ప్రభువు బల్లకు దూరంగా ఉంచి నిరాయుధులను చేయకూడదన్నది వారి వాదన. ఈ చరిత్రలో అన్నిటికన్నా మానవీయమైన నిర్ణయం ఇదే. సిప్రియన్ 258లో శిరచ్ఛేదానికి గురయ్యాడు.

రోమ్‌లో నొవేషియన్ అనే గురువు పడినవారిని చేర్చుకోవడానికే ఒప్పుకోలేదు. దేవుడు క్షమిస్తే క్షమించవచ్చు గాని, ఆ అధికారం సంఘానికి లేదంటూ వేరుకుంపటి పెట్టాడు. 325 నాటి నికేయా సభ, పడినవారితో కలిసి ఉంటామని రాసిస్తేనే అతని వర్గపు గురువులను తీసుకుంది. బలవంతం లేకుండానే విశ్వాసం వదిలినవారికి మాత్రం ఆ సభే పన్నెండేళ్ల దీక్ష విధించింది: మూడేళ్లు వాక్యం వినేవారితో, ఏడేళ్లు సాష్టాంగపడేవారితో, రెండేళ్లు ప్రభువు బల్ల సంస్కారం లేకుండా ప్రార్థనలో. చావుబతుకుల్లో ఉన్నవారికి సంస్కారం నిరాకరించకూడదని 13వ నియమంలో చేర్చింది.