మట్టిలోకి వెళ్లే దుప్పటి

ఫిలిప్పీన్స్‌లో లూజాన్ దీవి ఉత్తరాన కొండల్లో ఇఫుగావ్ జనం ఉంటారు. కొండవాలు మీద మెట్లుమెట్లుగా చెక్కిన వరిమళ్ల వల్లే వాళ్ల పేరు బయటికి తెలిసింది. 1995లో యునెస్కో ఆ మళ్లను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. అక్కడి ఆడవాళ్లు నేసిన దుప్పట్ల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

ఆ మగ్గానికి గుంటా ఉండదు, చట్రమూ ఉండదు. పడుగు ఒక కొసను స్తంభానికి కడతారు. రెండో కొసను నడుం వెనక పట్టీకి తగిలించుకుని ఆమె నేలమీద కూర్చుంటుంది. వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. మగ్గంలో సగం ఆమె ఒళ్లే. చేతులు అందినంత మేరే గుడ్డ వెడల్పు. అందుకే ఇరుకు గుడ్డల్ని పక్కపక్కన కుట్టి దుప్పటి చేస్తారు. 'కినుత్తియాన్' రకానికి నేతకు ముందే నూలును అక్కడక్కడా బిగించి కట్టి రంగులో ముంచుతారు. పోచంపల్లి, పుట్టపాక నేత తెలిసినవారికి ఈ పని కొత్త కాదు. మనం వాడే 'ఇకత్' అన్న మాట కూడా మలయ్ నుంచి వచ్చిందే. కట్టడమని దాని అర్థం.

చనిపోయినవారికి చుట్టే దుప్పటి 'గమొంగ్'. కొంతకాలం గడిచాక ఎముకలు బయటికి తీసి, శుభ్రం చేసి, కొత్త దుప్పటిలో చుట్టి, విందు చేసి తిరిగి సమాధిలో ఉంచుతారు. ఈ తంతు పేరు 'బొగ్వా'. చావుకు ఎలాంటి దుప్పటి, ఎన్ని దుప్పట్లు అన్నదాన్నిబట్టి ఇంటి హోదా తెలిసేది. 'కదంగ్యాన్' అనే సంపన్నుల చావుకూ పేదల చావుకూ తేడా గుడ్డలో కనిపించేది. స్త్రీల శ్రమ అని ఒక్క మాటలో అనేసి ఈ వర్గభేదాన్ని దాటిపోలేం.

అమెరికన్ పాలనలో అక్కడ టీచరుగా పనిచేసిన బార్టన్ 1919లో 'ఇఫుగావ్ లా' ప్రచురించాడు. అందులోని జరిమానాల లెక్కల్లో పందులు, పాత్రల సరసన దుప్పట్లు కూడా ఉన్నాయి. దుప్పటికి విలువ కట్టిన లెక్క అది. నేసిన రోజులకు కట్టిన లెక్క కాదు.

కోతల్లో, శవజాగారాల్లో ఎక్కువగా స్త్రీలే పాడే 'హుధుద్' గానానికి 2001లో యునెస్కో గుర్తింపు వచ్చింది. పాటను రికార్డు చేసి దాచవచ్చు. గమొంగ్ దారి వేరు. అది మట్టిలోకి వెళ్లడానికే పుట్టింది. మ్యూజియంలో మిగిలిన గుడ్డల్నిబట్టి మాత్రమే చరిత్ర రాస్తే, ఏ పనికోసం నేశారో ఆ పనికే వెళ్లిపోయిన దుప్పట్లు లెక్కలోకి రావు. మిగలలేదు కాబట్టి లేదనుకోవడం స్త్రీల చరిత్రలో మనకు బాగా తెలిసిన పద్ధతే. కియాంగాన్, బనావే ప్రాంతాల్లో ఇప్పటికీ నేస్తున్న స్త్రీల చేతుల్లో ఉన్న విద్యను కూడా పత్రంగా చదవడం నేర్చుకుంటే ఆ పద్ధతి కొంతైనా మారుతుంది.