ఒకే పదం, మూడు అర్థాలు: ‘గిఫ్ట్’ చరిత్ర

జర్మనీలో ఒక సీసా మీద ‘గిఫ్ట్’ అని రాసి ఉంటే దానిని బహుమతి అనుకోకండి. జర్మన్ భాషలో ఆ పదానికి అర్థం విషం. స్వీడిష్, డేనిష్ భాషల్లో విషంతో పాటు ‘పెళ్లయిన’ అనే అర్థం కూడా ఉంది. ఈ తేడాలు ఎలా ఏర్పడ్డాయో ఈ భాగంలో తెలుసుకుందాం.

ఇంగ్లీషుతో సహా ఇవన్నీ జర్మానిక్ కుటుంబానికి చెందిన భాషలు. వీటిలో ‘ఇవ్వడం’ అనే క్రియ నుంచి పుట్టిన పదం గిఫ్ట్. ‘ఇచ్చినది’ అన్నదే దాని మూలార్థం.

విషం: రోగికి ఇచ్చే మందు మోతాదును గ్రీకులు ‘డోసిస్’ అన్నారు. ఆ పదానికి కూడా ‘ఇవ్వడం’ అనే అర్థం. మనం వాడే ‘డోసు’ దాని నుంచి వచ్చిందే. లాటిన్ ద్వారా అందిన ఈ పదం ప్రభావంతో జర్మన్‌లో గిఫ్ట్ కూడా మోతాదును, క్రమంగా ప్రాణం తీసే మోతాదును సూచించింది. అయినా 18వ శతాబ్దం వరకు ‘ఇచ్చినది’ అనే పాత అర్థం అక్కడక్కడ నిలిచే ఉంది. తెలుగులో రోగం తగ్గించేదీ మందే, పురుగులను చంపేదీ మందే అని గుర్తుచేసుకోండి.

వివాహం: ‘పిల్లను ఫలానా ఊరికి ఇచ్చారు’ అని మనం అంటాం. స్వీడిష్ ‘గిఫ్ట్’ వెనుక ఉన్నదీ ఇదే భావన. జర్మన్‌లో కట్నాన్ని ‘మిట్‌గిఫ్ట్’, అంటే ‘వెంట ఇచ్చినది’ అంటారు. ప్రాచీన ఇంగ్లీషులో మాత్రం గిఫ్ట్ అంటే వధువు కోసం వరుడి పక్షం చెల్లించే ఓలి. అప్పట్లో దానిని ‘యిఫ్ట్’ అని పలికేవారు. 9వ శతాబ్దం నుంచి ఇంగ్లండులో స్థిరపడిన వైకింగుల భాష ప్రభావం వల్ల నేటి ‘గ’కార ఉచ్చారణ, బహుమతి అనే అర్థం స్థిరపడ్డాయి.

దీని నుంచి చరిత్ర విద్యార్థి గ్రహించవలసింది ఒకటుంది. ప్రాచీన ఇంగ్లీషు పత్రంలోని ‘గిఫ్ట్’ను బహుమతిగా చదివితే, ఒక వివాహ ఆచారం మన కంటికి కనపడకుండా పోతుంది. అందువల్ల ఆధారాన్ని పరిశీలించేటప్పుడు పదానికి నేటి అర్థం కాక, ఆ పత్రం రాసిన కాలంలో ఉన్న అర్థాన్ని తీసుకోవాలి.

మీ అవగాహనను పరీక్షించుకోండి: కాలక్రమంలో అర్థం మారిన ఒక తెలుగు పదాన్ని ఎంచుకుని, ఆ మార్పుకు కారణాలను ఐదు వాక్యాల్లో రాయండి.