ఆవిష్కరణే ప్రకటనగా: దిగంబర కవుల తొలి సంపుటి – పంక్ సంగీతంతో ఒక పోలిక

1965 మే నెలలో ఒక అర్ధరాత్రి, హైదరాబాదులో ‘దిగంబర కవులు’ తొలి సంపుటిని ఒక రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. ఈ ఘట్టాన్ని సాధారణంగా ఒక వింతగా పేర్కొని, వెంటనే కవితల విశ్లేషణకు వెళ్లడం మనకు అలవాటు. ఆ ఆవిష్కరణ కూడా సంపుటి చెప్పదలచిన దానిలో భాగమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పన్నెండేళ్ల తర్వాత బ్రిటన్‌లో వెలువడిన ఒక పంక్ రాక్ ఆల్బమ్‌తో పోల్చి చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది.

పుస్తకావిష్కరణ అంటే వేదిక, పెద్దల అధ్యక్షత, ప్రశంస. ఎవరి చేతుల మీదుగా పుస్తకం వెలువడుతుందో వారి ఆమోదముద్ర దానిపై పడుతుంది. ఆ ముద్ర వేసే అధికారాన్ని దిగంబరులు శ్రామికునికి అప్పగించారు. రెండవ సంపుటిని 1966లో విజయవాడలో హోటలు కార్మికుడు, మూడవదానిని 1968లో విశాఖపట్నంలో ఒక యాచకురాలు ఆవిష్కరించడాన్ని బట్టి ఇది ఆలోచించి ఎంచుకున్న పద్ధతి అని తెలుస్తుంది. పేర్ల మార్పు వెనుక ఉన్నదీ ఇదే దృష్టి. బద్దం భాస్కరరెడ్డి చెరబండరాజుగా, వీరవెల్లి రాఘవాచార్యులు జ్వాలాముఖిగా మారడంలో కులాన్ని పట్టిచ్చే పేరును విడిచిపెట్టడం ఉంది.

లండన్‌కు చెందిన ‘సెక్స్ పిస్టల్స్’ బృందంలో జాన్ లైడన్ కూడా జానీ రాటెన్ అయ్యాడు. ఈఎంఐ, ఏ అండ్ ఎం సంస్థలు ఒకదాని వెంట ఒకటి ఒప్పందం రద్దు చేసుకోగా, వారి ‘నెవర్ మైండ్ ద బొలాక్స్’ 1977 అక్టోబరులో వర్జిన్ సంస్థ ద్వారా వెలువడింది. ఆ శీర్షికను ప్రదర్శించినందుకు నాటింగ్‌హామ్‌లోని దుకాణ నిర్వాహకునిపై కేసు నడిచింది. ఆంగ్లాచార్యుడు జేమ్స్ కిన్స్‌లీ ఆ పద చరిత్రను న్యాయస్థానంలో వివరించగా, అభియోగం వీగిపోయింది. అక్కడ ధిక్కారం సంగీత విపణిలోనుండే పలికింది; నిషేధం అమ్మకాలను ఆపలేదు, ఆల్బమ్ బ్రిటన్‌లో ప్రథమ స్థానానికి చేరింది. దిగంబరులకు అటువంటి విపణి లేదు. వారు ఎదిరించినది సాహిత్య మర్యాదను.

దిగ్భ్రాంతి కలిగించే పద్ధతికి ఆయువు తక్కువ. సెక్స్ పిస్టల్స్ 1978 జనవరిలోనే విడిపోయింది. మూడు సంపుటాల తర్వాత దిగంబరుల మార్గాలూ వేరయ్యాయి: నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు 1970లో ఏర్పడిన విరసంలో చేరారు, భైరవయ్య, మహాస్వప్న చేరలేదు. మరొక పరిమితి కూడా ఉంది. పంక్ నుండి ‘ద స్లిట్స్’ వంటి స్త్రీల బృందం పుట్టింది. దిగంబరులు ఆరుగురూ పురుషులే. సమాజ పతనాన్ని చెప్పడానికి వారు స్త్రీ శరీరాన్ని ప్రతీకగా వాడుకోవడం విమర్శకు గురైంది.

మధిర వంటి పట్టణాల కళాశాలల్లో ఈ ఉద్యమం నేడు ఆరు కలం పేర్లు, మూడు సంవత్సరాల జాబితాగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. పుస్తకాన్ని ఎవరు విడుదల చేయవచ్చు, ఎవరి ఆమోదంతో అది సాహిత్యం అవుతుంది అనే ప్రశ్నలతో పాఠం మొదలైతే, తొలి సంపుటి మళ్లీ చరిత్రగా చదవబడుతుంది. పాఠ్యప్రణాళిక కూడా ఒక ఆమోదముద్రే కనుక, ఆ ప్రశ్న బోధించే మనకూ వర్తిస్తుంది.