ఘాట్ మార్గంలో లోహసంధి: విద్యుత్ ఇంజన్లలో పవర్ పరికరాలను హీట్‌సింక్‌కు జోడించే పద్ధతుల చరిత్ర – బొర్రా నేపథ్యం

వ్యాససంగ్రహం

కొత్తవలస – కిరండుల్ రైలుమార్గ చరిత్రలో సొరంగాలకు, వంతెనలకు, ఇంజన్ల అశ్వశక్తికి దక్కిన ప్రాధాన్యం ఆ ఇంజన్ల లోపల వేడిని మోసే సంధులకు దక్కలేదు. అర్ధవాహక పరికరాలను హీట్‌సింక్‌కు జోడించే పద్ధతి స్టడ్ నుంచి డిస్క్‌కు, డిస్క్ నుంచి మాడ్యూల్‌కు మారిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఈ మార్పు వల్ల సంధి నాణ్యతపై అధికారం షెడ్డు కార్మికుని చేతి నుంచి కర్మాగారానికి తరలిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బొర్రా, కె.కె. లైన్, థైరిస్టర్, హీట్‌సింక్, ఉష్ణనిరోధం, నిర్వహణ.

1. ఉపోద్ఘాతం

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం ఓడరేవుకు చేర్చడానికి 1960వ దశకంలో నిర్మించిన కె.కె. లైన్‌పై బొర్రా గుహలు ఒక స్టేషను. మైదానంలోని కొత్తవలస నుంచి బయలుదేరిన మార్గం అనంతగిరి కొండలను చుట్టుకుంటూ బొర్రాను దాటి, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడకు చేరుతుంది. 1980వ దశకం ఆరంభంలో ఈ మార్గం 25 కిలోవోల్టుల ఏకాంతర విద్యుత్తు కిందికి వచ్చింది.

ఖాళీ వ్యాగన్లతో ఎక్కేటప్పుడు ఇంజను తక్కువ వేగంతో, అధిక విద్యుత్ప్రవాహంతో చాలాసేపు పనిచేయాలి. ఒంటి లైన్‌పై ఎదురుబండి కోసం స్టేషన్లో ఆగినప్పుడు లోపలి పరికరాలు చల్లబడతాయి. బయలుదేరగానే మళ్లీ వేడెక్కుతాయి. ఈ వేడి–చలువల ఆవృత్తికి మొదట గురయ్యేది పరికరానికీ హీట్‌సింక్‌కూ నడుమ ఉన్న సంధి.

2. సమస్య స్వరూపం

భారతీయ రైల్వేలు 1959లో ప్రవేశపెట్టిన తొలి 25 కిలోవోల్టుల ఇంజన్లలో ఏకాంతర విద్యుత్తును ఏకముఖ విద్యుత్తుగా మార్చే పని పాదరసపు ఇగ్నిట్రాన్లది. సిలికాన్ డయోడ్లు వాటి స్థానాన్ని ఆక్రమించాక పరికరం చిన్నదయింది. వేడి మాత్రం ఆ చిన్న వైశాల్యంలోనే కేంద్రీకృతమైంది.

ఎంత నునుపుగా చెక్కినా రెండు లోహతలాలు నిజంగా తాకేది కొన్ని శిఖరబిందువుల వద్దే. మిగతా చోట గాలి ఉంటుంది. రాగి ఉష్ణవాహకత మీటరు–కెల్విన్‌కు సుమారు 400 వాట్లు కాగా, గాలిది 0.026 మాత్రమే. ఉదాహరణకు, 1000 వాట్ల వేడిని విడుదల చేసే పరికరం సంధిలో ఉష్ణనిరోధం వాట్‌కు 0.01 డిగ్రీలు ఉంటే సంధి వద్ద ఉష్ణోగ్రతాభేదం 10 డిగ్రీలు. నిరోధం రెట్టింపైతే అది 20 డిగ్రీలవుతుంది. సాధారణంగా 125 డిగ్రీలు దాటకూడని సిలికాన్‌కు ఈ అదనపు పది డిగ్రీలు చిన్న విషయం కాదు.

3. స్టడ్, డిస్క్ పద్ధతులు

1957లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ రూపొందించిన థైరిస్టర్, దాని సమకాలిక డయోడ్లు మరచుట్టు ఉన్న రాగి స్టడ్‌తో వచ్చేవి. హీట్‌సింక్‌కు రంధ్రం చేసి, లేపనం పూసి, నట్టు బిగిస్తే సంధి సిద్ధం. బిగింపు చాలకపోతే వేడి నిలుస్తుంది. మితిమీరితే స్టడ్ సాగి, లోపలి సిలికాన్ బిళ్లపై ఒత్తిడి పడుతుంది. టార్క్ రెంచ్ అవసరం ఇక్కడే. పైగా వేడి ఒక వైపు నుంచే బయటికి పోతుంది.

ఈ పరిమితిని అధిగమించడానికి 1960వ దశకంలో డిస్క్ ఆకృతి వచ్చింది. పరికరాన్ని రెండు హీట్‌సింక్‌ల నడుమ పెట్టి స్ప్రింగు బిగింపుతో నొక్కుతారు. పెద్ద డిస్క్‌లకు ఈ బలం పదుల కిలోన్యూటన్లు ఉంటుంది. వేడి రెండు వైపులా పోతుంది. డిగ్రీకి సిలికాన్ వ్యాకోచం మిలియన్‌లో సుమారు 2.6 వంతులు, రాగిది 17. ఈ వ్యత్యాసాన్ని తట్టుకోవడానికి నడుమ మాలిబ్డినం బిళ్ల ఉంటుంది. లోహాలు ఒకదానిపై ఒకటి జారే వీలుండటం వల్ల టంకం పగిలే ప్రమాదమూ తగ్గింది.

1987–88 ప్రాంతంలో ఆసియా, హిటాచీ సంస్థల నుంచి దిగుమతి చేసుకున్న 18 థైరిస్టర్ ఇంజన్లు (డబ్ల్యూఏజీ–6 శ్రేణి) వాల్తేరు షెడ్డుకు చేరి, ఈ ఘాట్‌లో పనిచేశాయి. అప్పటికి అధికశక్తి థైరిస్టర్లలో డిస్క్ ఆకృతే ప్రధానం. స్వదేశీ డబ్ల్యూఏజీ–5 ఇంజన్లలో సిలికాన్ డయోడ్ల ఆర్‌ఎస్‌ఐ బ్లాకులకు ప్రత్యేకంగా ఫ్యాన్లు ఉంటాయి. అయితే సంధి చెడినచోట ఫ్యాను ఎంత గాలి విసిరినా సిలికాన్‌కు ఆ చల్లదనం అందదు.

4. మాడ్యూల్ యుగం

1975లో సెమిక్రాన్ సంస్థ విద్యుద్బంధక మాడ్యూల్‌ను ప్రవేశపెట్టింది. అంతకుముందు హీట్‌సింక్ కూడా విద్యుత్తు ప్రవహించే భాగమే కనుక ఒక్కొక్క దాన్ని వేరుచేసి ఉంచవలసి వచ్చేది. మాడ్యూల్‌లో సిలికాన్ కింద రాగి అతికించిన సిరామిక్ పలక ఉంటుంది; అందువల్ల అనేక పరికరాలను ఒకే హీట్‌సింక్‌పై స్క్రూలతో బిగించవచ్చు. 1996 నుంచి వచ్చిన డబ్ల్యూఏజీ–9 తరగతి త్రిఫేజ్ ఇంజన్లు జీటీఓ థైరిస్టర్లతో మొదలై, తరువాత ఐజీబీటీలకు మారాయి.

ఈ సౌకర్యానికి మూల్యం ఉంది. సిలికాన్ కింది టంకం, సిరామిక్ కింది టంకం రెండూ మాడ్యూల్ లోపల దాగి ఉంటాయి. ఉష్ణావృత్తుల వల్ల వాటిలో ఏర్పడే పగుళ్లు బయటికి కనిపించవు. దీనికి విరుగుడుగా 1980వ దశకం చివర జర్మనీలో వెండి పొడిని ఒత్తిడితో, వేడితో అతికించే సింటరింగ్ పద్ధతిపై పరిశోధన మొదలైంది. టంకం కంటే ఆ సంధి దృఢం. అదీ కర్మాగారంలోనే రూపొందాలి.

5. చరిత్ర రచనలో లోపించినది

స్టడ్ డయోడ్ పాడైతే షెడ్డు ఫిట్టరు దాన్ని విప్పి, తలాన్ని తుడిచి, కొత్తది నిర్ణీత టార్క్‌తో బిగించేవాడు. డిస్క్ విషయంలో బిగింపు బలం సరిచూడటం, తలాలు సమాంతరంగా ఉన్నాయో లేదో గమనించడం అతని పని. మాడ్యూల్ వచ్చాక అతనికి మిగిలింది లేపనాన్ని పలుచగా, సమంగా పూయడం, స్క్రూలను వరుసక్రమంలో బిగించడం. లోపలి సంధి చెడితే మొత్తం మాడ్యూలే మారాలి. సంధి విశ్వసనీయత పెరిగిందన్నది నిజం. సంధిని చేతితో ఎరిగిన నైపుణ్యం అవసరం తగ్గిందన్నదీ అంతే నిజం.

ఇంజను తరగతుల జాబితాలు, అశ్వశక్తి అంకెలు ఈ మార్పును చూపలేవు. నిర్వహణ రిజిస్టర్లు, విఫలమైన పరికరాల పరిశీలన నివేదికలు, పదవీ విరమణ చేసిన ఫిట్టర్ల మౌఖిక కథనాలు దీనికి ఆధారాలు కాగలవు. వీటిలో మౌఖిక సాక్ష్యం కాలంతోపాటు కనుమరుగవుతుంది కనుక దాని సేకరణకు ప్రాధాన్యం ఇవ్వాలి.

6. ముగింపు

స్టడ్, డిస్క్, మాడ్యూల్, సింటరింగ్ – ఈ క్రమం వేడికి దారి సుగమం చేసిన చరిత్ర. అదే సమయంలో ఆ దారి బాగోగులు ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నకు కాలక్రమంలో మారిన సమాధానం కూడా. బొర్రా ఘాట్ ఎక్కే బండి భారం చివరికి ఆనేది, మిల్లీమీటరులో పదోవంతు మందం కూడా లేని ఆ లేపనపు పొరపైన. కె.కె. లైన్ సాంకేతిక చరిత్ర ఆ పొరనూ, దాన్ని పూసిన చేతినీ లెక్కలోకి తీసుకున్నప్పుడే సమగ్రమవుతుంది.