పడవల్లో బ్యాటరీ కేబుల్ తొడుగు ఒలవడం

పడవ బ్యాటరీ నుంచి ఇంజిన్ స్టార్టర్‌కు వెళ్లే లావు రాగి కేబుల్ కొసన, లగ్ (లోహపు కొన) బిగించేందుకు రబ్బరు లేదా ప్లాస్టిక్ తొడుగు తీసే పని ఇది. ఉదాహరణకు, మలేషియాలోని కెడా రాష్ట్రంలో, సుంగై పెటాని పట్టణానికి పడమట మెర్బోక్ నది సముద్రంలో కలుస్తుంది. అక్కడ తంజుంగ్ దవాయ్ అనే చేపల రేవు ఉంది. ఉప్పుగాలి తగిలే ఇలాంటి చోట కేబుల్ కొసలు త్వరగా చెడతాయి.

విధానం: ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పుతారు. లగ్ గొట్టం లోతును కొలిచి, తొడుగుపై అంతే పొడవు గుర్తు పెడతారు. కత్తి వాదరను గుర్తు మీద ఆనించి కేబుల్‌ను చుట్టూ తిప్పుతారు. గాటు రాగిదాకా దిగకూడదు. తర్వాత కేబుల్‌ను కాస్త వంచితే మిగిలిన పొర దానంతటదే విచ్చుకుంటుంది. తొడుగు ముక్కను లోపలి రాగి పోచల మెలిక వైపే తిప్పుతూ లాగేస్తారు.

జాగ్రత్తలు: పోచలు తెగితే కరెంటు దారి సన్నబడి, నిరోధం పెరుగుతుంది. స్టార్టర్ 200 ఆంపియర్లు లాగేటప్పుడు అతుకులో 0.001 ఓమ్ నిరోధం ఉన్నా 0.2 వోల్టులు పోతాయి, 40 వాట్ల వేడి పుడుతుంది. లోపల రాగి నల్లబడినా, పచ్చగా చిలుము పట్టినా, మెరిసే లోహం వచ్చేదాకా కేబుల్‌ను కోసేయాలి. ఉప్పునీరు పోచల సందుల్లోంచి తొడుగు కిందికి పాకుతుంది. అందుకే తగరం పూత వేసిన పోచల కేబుల్ మేలు. లగ్‌ను నొక్కి బిగించాక, లోపల జిగురున్న ముడుచుకునే గొట్టాన్ని వేడిచేసి కప్పుతారు.