లంచం పుచ్చుకోని సాక్షి

కంప్యూటర్ పితామహుడని మనం చదువుకునే చార్లెస్ బాబేజ్ 1839 ప్రాంతంలో ఇంగ్లండులోని గ్రేట్ వెస్టర్న్ రైల్వేలో ఒక ప్రయోగం చేశాడు. రైలు కదలికలను కాగితం మీద గీసే యంత్రాన్ని పెట్టెలో అమర్చి చూశాడు. ప్రతి ఇంజను తన వేగాన్ని తానే రాసుకోవాలని 1864లో అచ్చయిన ఆత్మకథలో సలహా ఇచ్చాడు. ప్రమాదం జరిగాక మనుషులు తలో మాట చెప్తారు. యంత్రాన్ని ఎవరూ కొనలేరు, అది తప్పు చెప్పదు అని ఆయన నమ్మకం. ఇందులో మొదటి సగం నిజమే. రెండో సగాన్ని మాత్రం పరీక్షించాలి.

కార్లకు ఈ సాక్షి ఆలస్యంగా వచ్చింది. ఎయిర్‌బ్యాగులున్న కార్లలో జనరల్ మోటార్స్ కంపెనీ 1974 నుంచే కొంత సమాచారం నమోదు చేసేది. గుద్దుకోవడానికి ముందు 5 సెకన్ల వేగం మాత్రం 1999 మోడళ్లలో కొన్నింటి నుంచి దొరికింది. 2007 ఏప్రిల్‌లో అమెరికాలో న్యూజెర్సీ గవర్నర్ జాన్ కార్జైన్ ప్రయాణిస్తున్న కారుకు ప్రమాదం జరిగింది. గంటకు 65 మైళ్లు దాటకూడని రోడ్డు మీద కారు 91 మైళ్ల వేగంతో పోయిందని రికార్డర్ బయటపెట్టింది. లోపల ఉన్నది గవర్నరని దానికి తెలియదు కదా!

అయితే రికార్డర్ రోడ్డును చూడదు. మామూలుగా చక్రాలు తిరిగే జోరును బట్టి వేగం లెక్కగడతారు. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగిసి కారు జారితే, లెక్కలో అసలు కంటే తక్కువ వేగం పడుతుంది. మంచు మీదో బురదలోనో చక్రం ఊరికే తిరిగితే ఎక్కువ పడుతుంది. పెద్ద టైర్లు వేయించుకున్నా లెక్క తప్పుతుంది.

అందుకే పరిశోధకులు రోడ్డు మీద టైరు గుర్తులు కూడా కొలుస్తారు. కారు 40 మీటర్లు జారి ఆగిందనుకోండి. ఘర్షణ గుణకం 0.7 అయితే, మనం నేర్చుకున్న చలన సమీకరణంతోనే బ్రేకు వేసినప్పటి వేగం గంటకు సుమారు 84 కిలోమీటర్లని తేలుతుంది. రికార్డర్ 60 అంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

ఒక డ్రైవర్ జైలుకు పోవాలా వద్దా అనేది ఒక్కోసారి ఈ అంకె మీదే ఆధారపడుతుంది. చనిపోయిన డ్రైవర్ అయితే లేచి వచ్చి "నేను అంత వేగంగా పోలేదు" అని చెప్పుకోలేడు. చరిత్రకారులు ఒక శాసనం దొరికితే దాన్ని నాణేలతో, ఇతర రాతలతో పోల్చి చూస్తారు. యంత్రం రాసిన రాతనూ అలాగే చదవాలి.