అఖండదీపం నుండి మూలనిధి వరకు: సింహాచలం - సబ్బవరం ప్రాంతంలో సామూహిక నిధుల చరిత్ర

వ్యాససంగ్రహం

ఒక ప్రాంత ప్రజలు తమ ఉమ్మడి అవసరాలకు ధనాన్ని ఎట్లా కూడబెట్టుకున్నారు, కూడబెట్టిన ధనాన్ని ఎట్లా కాపాడుకున్నారు అనే ప్రశ్నలు స్థానిక చరిత్రలో ముఖ్యమైనవి. సింహాచల శాసనాలలోని దీపదానాలు, వలస పాలననాటి ధర్మాదాయ చట్టాలు, జాతీయోద్యమకాలపు చందాలు, జన్మభూమి కార్యక్రమంలోని ప్రజల వాటా, నేటి కంపెనీల సామాజిక బాధ్యత నిధులు అనే అయిదు దశలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దానం పరిమాణం కన్న దాని నిర్వహణపై స్థానికులకు గల ఎరుకే ఆ దానం నిలకడను నిర్ణయించిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సబ్బవరం, సింహాచలం, అఖండదీపం, ధర్మాదాయం, చందా, జన్మభూమి, మూలనిధి, సామాజిక బాధ్యత.

1. ఉపోద్ఘాతం

సబ్బవరం పెందుర్తికి నైరుతి దిశలో, అనకాపల్లి నుండి ఆనందపురం పోయే జాతీయ రహదారి మార్గంలో ఉన్న మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఈ మండలం విశాఖపట్నం జిల్లా నుండి అనకాపల్లి జిల్లాకు మారింది. దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నది. భారత పెట్రోలియం, ఇంధన సంస్థకు స్థలం కేటాయించినది కూడా ఈ మండలంలోని వంగలి గ్రామంలోనే.

ఈ రెండవ సంస్థకు సంబంధించిన ఒక విషయం ప్రస్తుత పరిశీలనకు ప్రేరణ. 2017 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఈ సంస్థకు భవనాదుల వ్యయంతో పాటు ఒక మూలనిధిని కూడా ఆమోదించింది. కేంద్ర ప్రభుత్వం 200 కోట్లు, ప్రభుత్వరంగ చమురు సంస్థలు మరో 200 కోట్లు సమకూర్చి, మొత్తం 400 కోట్ల రూపాయల నిధిని ఏర్పరచాలన్నది నిర్ణయం. అసలును కదలనీయకుండా, దానిపై వచ్చే రాబడితో సంస్థ నడవాలన్నది మూలనిధి భావన. ఇది ఆధునిక ఆర్థిక శాస్త్రం కనిపెట్టిన కొత్త పద్ధతిగా తోచవచ్చు. అయితే ఆ గ్రామానికి అనతిదూరంలోని సింహగిరిపై సుమారు తొమ్మిది శతాబ్దాల నాడే ఇదే భావన శిలాక్షరాలకెక్కింది. ఈ రెంటి నడుమ జరిగిన మార్పులను గుర్తించడమే ఈ వ్యాస లక్ష్యం.

2. శిలపై లెక్క: సింహాచల దానశాసనాలు

సింహాచల వరాహలక్ష్మీనృసింహస్వామి ఆలయంలో వందలాది శాసనాలున్నాయి. వాటిలో అత్యధికం దక్షిణ భారత శాసనాల ఆరవ సంపుటంలో ప్రకటితమయ్యాయి. వీటిలో ప్రాచీనమైనది కులోత్తుంగ చోళుని కాలానికి, క్రీ.శ. 1098-99కి చెందినది. తూర్పు గాంగరాజు మొదటి నరసింహదేవుని కాలంలో 1267-68 నాటికి ప్రధానాలయం, ముఖమండపం, నాట్యమండపం నల్లరాతితో నిర్మితమైనట్లు శాసనాధారం ఉన్నది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర సందర్భంగా ఈ క్షేత్రాన్ని దర్శించి, 991 ముత్యాల హారాన్ని సమర్పించాడు.

రాజుల కానుకలు చరిత్ర గ్రంథాలలో ప్రముఖ స్థానం పొందాయి. సామూహిక నిధుల దృష్టితో చూస్తే అంతకన్న విలువైనవి చిన్న దానాలు. దాత కొన్ని గండమాడలను దేవుని శ్రీభండారంలో సమర్పిస్తాడు. అందుకు ప్రతిగా ఆలయం ఒక అఖండదీపాన్ని వెలిగించడానికో, నిత్యం నైవేద్యం పెట్టడానికో, పూలమాలలు సమర్పించడానికో బాధ్యత వహిస్తుంది. తెలుగునాట ఇతర ఆలయాలలో నాణేలకు బదులు పశువులను ఇవ్వడం కూడా పరిపాటి. పశువులను స్వీకరించిన కాపరి దీపానికి ప్రతిదినం కొలత ప్రకారం నెయ్యి తేవాలి. మందలో కొన్ని చచ్చినా, కొన్ని ముసలివైనా, పుట్టిన పిల్లలతో సంఖ్య నిండుతుంది కనుక దానం తరగదు. ఇటువంటి పశువులకు తెలుగు శాసనాలలో కనిపించే ‘ఇనుపయెడ్లు’ అన్న పేరు ఈ తరగనితనాన్నే సూచిస్తుంది. ‘ఆచంద్రార్కం’ అన్న మాటకు ఆచరణలో అర్థం ఇదే.

ఈ పద్ధతిలో మూడు అంశాలు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది, మూలధనాన్ని ఖర్చు చేయకూడదనే నియమం. రెండవది, బాధ్యులు ఎవరో, వారు చేయవలసినది ఎంతో కొలతతో సహా నిర్ణయించడం. మూడవది, ఆ ఒప్పందాన్ని జనం వచ్చిపోయే చోట, గోడలపైనా స్తంభాలపైనా చెక్కించడం. ఆనాడు అక్షరజ్ఞానం కొద్దిమందికే పరిమితమన్నది నిజం. అయినా ఒక్కరు చదివితే పదిమంది వినగలరు. దానం ఎవరిది, దేనికి అన్నది భాండాగారంలోని తాళపత్రానికి పరిమితం కాలేదు.

శాసనాల చివర వచ్చే శాపవాక్యాలను పరిశోధకులు తరచుగా సంప్రదాయ పునరుక్తిగా భావించి వదిలివేస్తారు. కాని తాను ఇచ్చిన దానికంటే ఇతరులు ఇచ్చినదాన్ని కాపాడటం రెట్టింపు పుణ్యమని చెప్పే భావం వాటిలో పదేపదే కనిపిస్తుంది. ఇవ్వడం కన్న కాపాడటం కష్టమని ఆ సమాజం అనుభవపూర్వకంగా గ్రహించిందనడానికి ఇది నిదర్శనం.

ఈ వ్యవస్థ లోపరహితం కాదు. దీపానికి నెయ్యి పోసిన కాపరి, ఆలయ భూమిని దున్నిన రైతు శాసనంలో బాధ్యులుగానే కనిపిస్తారు; ఆ నిర్ణయంలో వారి మాటకు స్థానమున్నట్లు కనిపించదు. గ్రామాలను దానమిచ్చినపుడు ఇచ్చినది భూమినా, భూమిపై రాజుకు రావలసిన ఆదాయాన్నా అన్నది చరిత్రకారులను నేటికీ వేధించే ప్రశ్న. అడవివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం గ్రామాలలో దేవస్థానానికీ నివాసులకూ మధ్య దశాబ్దాలుగా నలుగుతున్న పంచగ్రామాల భూవివాదం వెనుక ఇటువంటి ప్రశ్నే ఉన్నది. దానపు షరతులలో ఒక పక్షం గొంతు లేకపోతే ఆ లోటును తరువాతి తరాలు భరించవలసి వస్తుంది.

3. చట్టం చేతికి వచ్చిన ధర్మం

ఈస్టిండియా కంపెనీ పాలనలో 1817 నాటి మద్రాసు 7వ రెగ్యులేషన్ ఆలయాలు, మసీదులు, సత్రాలు, వంతెనల వంటి ధర్మాదాయాల పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు అప్పగించింది. 1863 నాటి చట్టంతో ప్రభుత్వం మత సంస్థల నిర్వహణ నుండి తప్పుకొని, స్థానిక ధర్మకర్తలకు, కమిటీలకు ఆ బాధ్యతను వదిలింది. 1920లలో మద్రాసు శాసనసభ హిందూ ధర్మాదాయ చట్టం ద్వారా మళ్ళీ పర్యవేక్షణను తెచ్చింది. రాష్ట్రావతరణ అనంతరం 1966లోనూ, ఆపై 1987లోనూ ఆంధ్రప్రదేశ్ ధర్మాదాయ చట్టాలు వచ్చాయి. ఈ క్రమంలో లెక్కల తనిఖీ బలపడింది. అదే సమయంలో లెక్క ఆలయ గోడ నుండి కార్యాలయ దస్త్రానికి మారింది.

ఈ కాలంలోనే విద్యకు దానం ప్రాధాన్యం పొందింది. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చే శాశ్వత వితరణను ఏర్పాటు చేశారు. అక్కడి శాస్త్ర సాంకేతిక కళాశాల ఆయన పేరనే వెలసింది. అఖండదీపం లాగానే ఇదీ ఏటేటా రావలసిన దానం. కాని దీని మూలధనం జమీందారీ రాబడి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ వ్యవస్థ అంతరించగా, ఆ రాబడిపై ఆధారపడిన వితరణలకు పునాది పోయింది. రైతుకు న్యాయం చేసిన ఆ సంస్కరణ, స్థానిక సంస్థలు ఇక ఒకే పెద్ద దాతపై ఆధారపడలేవన్న విషయాన్ని కూడా తేల్చింది.

4. చందా: పదిమంది సొమ్ము

పెద్ద దాతకు ప్రత్యామ్నాయం అప్పటికే రూపొందింది. 1914లో బెజవాడలో జరిగిన గ్రంథాలయ మహాసభ తరువాత ఊరూరా గ్రంథాలయాలు వెలిశాయి. వాటిలో అనేకం సభ్యుల చందాలతో నడిచినవే. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలోనే సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ సంఘం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అనే లక్ష్యాన్ని ప్రకటించింది. ఈ మూడు సంఖ్యలను పక్కపక్కన ఉంచిన తీరు గమనార్హం. కోటి రూపాయలను కోటిమందితో ముడిపెట్టినపుడు ఒక్కొక్కరి వంతు ఒక్క రూపాయి. నిధి సేకరణ అంటే ధనాన్ని మాత్రమే గాక మనుషులను కూడా కూడగట్టడమన్న అవగాహన ఇందులో ఉన్నది.

1929 వేసవిలో గాంధీ ఆంధ్రదేశమంతటా ఖద్దరు నిధికై పర్యటించారు. విశాఖపట్నం కూడా ఆ పర్యటనలో ఉన్నది. వసూలైన మొత్తాలను ఊళ్ళ వారీగా ‘యంగ్ ఇండియా’ పత్రికలో ప్రకటించారు. తన ఊరి పేరు, పక్కన మొత్తం అచ్చులో చూసుకోగలగడం దాతకు దక్కిన రసీదు. శిలాశాసనం చేసిన పనినే ఇక్కడ వార్తాపత్రిక చేసింది.

గ్రామస్థాయిలో చందా పద్ధతి ఇంతకన్న పాతది. గ్రామదేవత పండుగకు ఇంటికింత అని వేసుకోవడం, రామకోవెలకు ధాన్యం కొలవడం, చెరువు గట్టు తెగితే ఇంటికొక మనిషి చొప్పున పనికి పోవడం ఉత్తరాంధ్ర పల్లెలకు తెలిసినవే. చెరువు పనికి సంబంధించిన ఈ ఆచారాన్ని మద్రాసు రాజధానిలో కుడిమరామతు అన్నారు. దానిని తప్పనిసరి చేయడానికి 1858లో చట్టమే వచ్చింది. ఆచారంగా సాగినపుడు ఊరు తన అవసరం కొద్దీ చేసుకునే పని అది. చట్టమైనపుడు పైనుండి వచ్చిన ఆజ్ఞ అయింది. ఈ భేదం తరువాతి కాలంలోనూ పునరావృతమైంది.

5. విరాళం నుండి వాటాకు

1997 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జన్మభూమి కార్యక్రమాన్ని ప్రారంభించింది. పాఠశాల గదులు, రోడ్లు, మంచినీటి పనులు వంటివాటికి గ్రామస్థులు ధన, వస్తు, శ్రమ రూపాలలో తమ వాటాను సమకూరిస్తే మిగిలిన భాగాన్ని ప్రభుత్వం భరిస్తుంది. ప్రజలు తమ సొమ్ము పెట్టిన పనిని తమదిగా భావించి కాపాడుకుంటారన్నది దీని వెనుక తర్కం. ఆ తర్కం సరైనదే. అయితే పలుచోట్ల ప్రజల వాటాను పని దక్కించుకున్న గుత్తేదారే చెల్లించినట్లు ఈ కార్యక్రమాన్ని పరిశీలించినవారు ఎత్తిచూపారు. అట్లా జరిగిన చోట వాటా కాగితంపై నిండింది కాని యాజమాన్య భావన ఏర్పడలేదు. పేద గ్రామం వాటా కూడబెట్టలేక పనిని పోగొట్టుకునే ప్రమాదం కూడా ఇందులో ఉన్నది.

ఇదే కాలంలో విస్తరించిన మహిళా పొదుపు సంఘాల అనుభవం వేరు. రోజుకొక రూపాయి చొప్పున కూడబెట్టిన సొమ్మును సభ్యులే పంచుకొని, అప్పుగా ఇచ్చుకొని, నెలనెలా సమావేశంలో లెక్క చదువుకున్నారు. వారి మూలధనం చిన్నది. కాని సింహాచల శాసనాలలో గుర్తించిన మూడు అంశాలూ అందులో ఉన్నాయి: అసలు నిలిచింది, బాధ్యులు ఎవరో తెలుసు, లెక్క అందరి ముందూ ఉన్నది. అంతేగాక ఆలయ వ్యవస్థలో లేని నాలుగవ అంశం చేరింది. షరతులను నిర్ణయించినది సభ్యులే.

6. ‘స్థానిక ప్రాంతం’ ఎవరిది?

2014 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన కంపెనీల చట్టం 135వ సెక్షను నిధుల సేకరణలో కొత్త దశకు నాంది పలికింది. నికర సంపద 500 కోట్లు, లేదా వ్యాపార పరిమాణం 1000 కోట్లు, లేదా నికరలాభం 5 కోట్ల రూపాయలకు చేరిన కంపెనీ, గత మూడేళ్ళ సగటు లాభంలో కనీసం 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలపై వెచ్చించాలి. తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలని కూడా చట్టం చెప్పింది. అయితే ఆ ప్రాధాన్యం మార్గదర్శకమే గాని తప్పనిసరి కాదని కేంద్ర ప్రభుత్వ వివరణ 2021లో వెలువడింది.

విశాఖ వంటి రేవు, ఉక్కు, చమురుశుద్ధి నగరపు అంచున ఉన్న సబ్బవరానికి ఈ మాట కీలకం. పరిశ్రమలలో కొన్ని విశాఖ జిల్లాలో, కొన్ని అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. నగర విస్తరణ వల్ల పెరిగే వాహనాలు, భూముల ధరలు, నీటి కొరత జిల్లా సరిహద్దును చూసి ఆగవు. నిధి మాత్రం ఆగవచ్చు. ‘స్థానికం’ అన్న మాటకు చట్టం హద్దు గీయనపుడు ఆ హద్దును గీసేది ఇచ్చేవారే అవుతారు.

లెక్కల విషయంలోనూ ఒక వైరుధ్యం ఉన్నది. సామాజిక బాధ్యత వ్యయాన్ని కంపెనీ తన వార్షిక నివేదికలో చూపాలి. ఆ విధంగా లెక్క బహిరంగమే. కాని ఆ నివేదికలు ప్రధానంగా ఆంగ్లంలో, వాటాదారులను ఉద్దేశించి రాసినవి. ఏ గ్రామం కోసం ఖర్చు చేశారో ఆ గ్రామ పంచాయతీ గోడపై ఆ అంకె కనిపించకపోతే, ప్రకటించడం జరిగినట్లే గాని తెలియజేయడం జరిగినట్లు కాదు.

7. ముగింపు

పై పరిశీలన వలన కొన్ని విషయాలు తేలుతున్నాయి. దాత రాజైనా, జమీందారైనా, ప్రభుత్వమైనా, కంపెనీ అయినా, దానం నిలకడ దాత గొప్పతనంపై ఆధారపడలేదు. మూలధన రక్షణ, బాధ్యుల నిర్ణయం, బహిరంగమైన లెక్క ఉన్నంతకాలం చిన్న దానాలు కూడా నిలిచాయి. ఇవి లోపించినపుడు పెద్ద నిధులు కూడా జనానికి దూరమయ్యాయి. షరతుల నిర్ణయంలో స్థానికుల గొంతు ఉండాలన్నది ఆధునిక ప్రజాస్వామ్యం ఈ సంప్రదాయానికి చేర్చవలసిన అంశం. పొదుపు సంఘాలు అది సాధ్యమని నిరూపించాయి.

గ్రామసభ రాజ్యాంగబద్ధమైన వేదిక. తమ మండలంలో వెచ్చించిన ప్రతి విరాళాన్ని, ప్రతి సామాజిక బాధ్యత నిధిని తెలుగులో, మొత్తంతోనూ ఉద్దేశంతోనూ సహా గ్రామసభ ముందు చదివి, పంచాయతీ గోడపై రాయించాలని కోరడం సబ్బవరం వంటి ప్రాంతాలకు కొత్త కోరిక కాదు. సింహగిరి స్తంభాలపై దీపానికి పోయవలసిన నేతి కొలతను సైతం చెక్కించాలని పట్టుబట్టిన పూర్వుల సంప్రదాయానికి అది కొనసాగింపు మాత్రమే.